ట్యాంకు నుంచి బిందె దాకా: ఒక నీళ్ల ప్రాజెక్టు డైరీ

మార్చి 4

నిరుడు శ్రావణంలో మా మండలంలోని ఒక ఊళ్లో, ఒక్క పేటలోనే వారం తిరక్కుండా పదకొండు మంది వాంతులు, విరేచనాలతో మంచాన పడ్డారు. ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లు పరీక్షకు పంపిస్తే "త్రాగుటకు యోగ్యం" అని కాగితం వచ్చింది. కాగితంలో ఉన్నది నిజమే అనుకున్నా, జనం పడ్డ జబ్బు కూడా నిజమే కదా. ట్యాంకు దగ్గర మంచిగా ఉన్న నీళ్లు నోటి దాకా వచ్చేలోపు ఎక్కడ చెడ్డాయో వెతకడమే మా ప్రాజెక్టు.

నేను మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేసి కాలేజీ ల్యాబులో పని చేస్తున్నాను. మా మేడంగారు గైడు. ఊళ్లో మాకు ఆసరా ఇద్దరు. ఒకరు ఆశా కార్యకర్త, అక్కా అని పిలుస్తాను. ఇంకొకరు ట్యాంకు చూసుకునే ఆయన. ఊరంతా బాబాయి అంటారు, నేనూ అలాగే పిలుస్తున్నాను. ఊరి పేరు, మనుషుల పేర్లు ఇందులో రాయను.

డెల్టా వాళ్లకు చెప్పక్కర్లేదు గానీ బయటివాళ్ల కోసం ఒక మాట. భీమవరం చుట్టుపక్కల చాలాచోట్ల బోరు వేస్తే ఉప్పు నీళ్లే పడతాయి. అందుకని గోదావరి కాలువ నీటిని మంచినీళ్ల చెరువులోకి పెట్టుకుంటారు. చెరువు నుంచి ఇసుక ఫిల్టరు బెడ్లకు, అక్కణ్ణుంచి ట్యాంకుకు. ట్యాంకులో బ్లీచింగ్ కలిపి పొద్దున్నే గంటసేపు కుళాయిలకు వదులుతారు. ఆ తర్వాత మిగిలింది బిందె, చెంబు, గొంతు.

మార్చి 9

ఈ రోజంతా సీసాలతోనే సరిపోయింది. కుళాయి నీళ్లు పట్టే సీసాలో ముందుగా కాస్త సోడియం థయోసల్ఫేట్ ద్రావణం వెయ్యాలి. అది క్లోరిన్‌ని అక్కడికక్కడే విరిచేస్తుంది. లేకపోతే నీళ్లు ల్యాబుకు వచ్చేలోపు సీసాలో కూడా క్లోరిన్ తన పని తాను చేసుకుపోతుంది. కుళాయి దగ్గర ఉన్న సూక్ష్మజీవులు దారిలో చచ్చిపోయి, నీళ్లు ఉన్నదానికంటే మంచివిగా కనిపిస్తాయి. మొన్న తయారుచేసిన మొదటి విడత సీసాల్లో అది వెయ్యడం మర్చిపోయాను. మూతలకు చుట్టిన కాగితాలు విప్పి, అన్నీ మళ్లీ కడిగి, థయోసల్ఫేట్ వేసి, 121 డిగ్రీల్లో పదిహేను నిమిషాలు ఆటోక్లేవ్ చేశాను, అంటే ఒత్తిడితో కూడిన ఆవిరిలో పెట్టి క్రిములను చంపాను. రాత్రి ఎనిమిదైంది. ఇక్కడ పొరపాటు జరిగితే తర్వాత ఎంత జాగ్రత్తగా చేసినా ఫలితం తప్పే వస్తుందని గోడ మీద పెద్దక్షరాలతో రాసి అంటించాను.

మార్చి 12

తెల్లవారి ఐదున్నరకు ఊళ్లో ఉన్నాం. కుళాయి మూతిని స్పిరిట్ దూదితో కాల్చి, రెండు మూడు నిమిషాలు నీళ్లు వదిలేసి, అప్పుడు సీసా పట్టాలి. మూత లోపలివైపు వేలు తగలకూడదు. సీసా నిండా పట్టకూడదు, కుదపడానికి పైన కొంచెం ఖాళీ ఉండాలి. ఐస్ డబ్బాలో పెట్టుకుని పది గంటలకల్లా ల్యాబుకు చేరాం.

బాబాయి వెంటే ఉన్నాడు. "ట్యాంకు కడిగి నెల కూడా కాలేదమ్మా, నీళ్లు అద్దంలా ఉంటాయండి" అన్నాడు. అద్దంలాగే ఉన్నాయి. ట్యాంకు కింద కుళాయి నీళ్లలో క్లోరిన్ పరీక్ష చుక్కలు వేస్తే రంగు వచ్చింది, అంటే క్లోరిన్ ఉంది. పేట చివరి కుళాయిలో చుక్కలు వేసి ఎంతసేపు చూసినా నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. తాగునీటికి మన దేశం పెట్టిన ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. చివరి కుళాయిలో అసలు లేదు.

మార్చి 14

మా పద్ధతి పాతదే, మెడికల్ కాలేజీల్లో అందరూ నేర్చుకునేదే. మెకాంకీ బ్రాత్ (బ్యాక్టీరియాను పెంచే పోషక ద్రవం) పోసిన గొట్టాల్లోకి ఒక్కో నమూనా నుంచి 50 మి.లీ. ఒకటి, 10 మి.లీ. అయిదు, 1 మి.లీ. అయిదు. ప్రతి గొట్టంలో తలకిందులుగా చిన్న డర్హమ్ గొట్టం. కోలిఫారం గుంపు బ్యాక్టీరియా (నీళ్లలో మురికి కలిసిందనడానికి గుర్తు) ఉంటే లాక్టోజ్ చక్కెరను పులియబెట్టి, ఊదారంగు బ్రాత్‌ని పసుపు చేస్తుంది, చిన్న గొట్టంలో గాలి బుడగ నిలుస్తుంది. 37 డిగ్రీల్లో 24 గంటలకు ఒకసారి, 48 గంటలకు ఒకసారి చూడాలి.

ట్యాంకు నమూనా పదకొండు గొట్టాలూ ఊదాగానే ఉన్నాయి. ఆ "యోగ్యం" కాగితం తప్పు కాదని దీంతో తేలింది. చివరి కుళాయివి రెండు పసుపు. అదే కుళాయి పక్కింట్లో బిందె నీళ్లయితే 10 మి.లీ. గొట్టాలు అయిదింటికి అయిదూ పసుపు తిరిగాయి. వాటిని 44 డిగ్రీల నీటి తొట్టిలో మళ్లీ పెంచితే గాలి వచ్చింది. ఇ.కోలిని గుర్తుపట్టడానికి వాడే కోవాక్ మందు చుక్కలు వేస్తే పైన ఎర్రటి వలయం కట్టింది. అది ఇ.కోలి. మనిషి పేగులోనో పశువు పేగులోనో ఉండాల్సింది. ప్రమాణం ప్రకారం తాగే నీళ్లు 100 మి.లీ. తీస్తే అందులో ఒక్కటి కూడా కనపడకూడదు.

మార్చి 23

ఆ బిందె ఇంటికి మళ్లీ వెళ్లాను. ఈ రోజు పరీక్ష కోసం కాదు, ఊరికే కూర్చుని చూడ్డానికి.

ఇల్లు మామ్మగారిది. ఇత్తడి బిందె చింతపండు పెట్టి తోమి బోర్లించి, ఆరాక నీళ్లు పడతారు. పైన శుభ్రమైన గుడ్డ కట్టి, దాని మీద పళ్లెం మూత. ఇంతకన్నా శుభ్రంగా నేను మా ఇంట్లోనూ ఉంచను. బడి నుంచి మనవడు పరిగెత్తుకొచ్చి దాహం అన్నాడు. మామ్మగారు మూత తీసి చెంబు ముంచారు. చెంబుతో పాటు నాలుగు వేళ్లూ కణుపుల దాకా నీళ్లలోకి దిగాయి. అప్పటిదాకా ఆవిడ పెరట్లో గేదెకు గడ్డి వేస్తున్నారు. ఆ చెంబునే మనవడు నోటికి ఎత్తి, మిగిలిన నీళ్లు తాగాక మళ్లీ తనే ముంచాడు. నేనున్న గంటన్నరలో ఆ బిందెలో చెయ్యి ఆరుసార్లు మునిగింది.

ఇత్తడి బిందె మంచిదే కదా అని అక్క అడిగింది. మంచిదే. ఇత్తడిలోంచి రాగి అయాన్లు కొద్దికొద్దిగా నీళ్లలోకి దిగి బ్యాక్టీరియాను చంపుతాయి. కానీ దానికి ఒకటి రెండు రోజుల వ్యవధి కావాలి. పొద్దున్న పట్టి సాయంత్రానికి తాగేసే నీళ్లకు ఆ సమయం దొరకదు. పైగా ప్రతి పావుగంటకూ ఒక చెయ్యి మునుగుతుంటే రాగి మాత్రం ఏం చేస్తుంది?

"మీ బిందెలో మలం బ్యాక్టీరియా ఉందండీ" అని ఇలాంటి ఇంట్లో ఎలా చెప్పాలి? ఎనభయ్యేళ్ల శుభ్రాన్ని అవమానించినట్టవుతుంది. ఈ రోజు చెప్పలేదు. మేడంగారిని అడగాలి.

ఏప్రిల్ 6

మేడంగారు ఒకటే అన్నారు. "బిందె సంగతి ఎత్తొద్దు. చెంబు సంగతి మాట్లాడు." అక్కా నేనూ ఇరవై ఇళ్లకు పొడుగు కాడ ఉన్న స్టీలు గరిటెలు కొని పంచాం. బిందె పక్క గోడకు మేకు కొట్టి, దానికి తగిలించాలి. ఎవరు వాడతారో, ఎవరు పప్పు గిన్నెలో వేసుకుంటారో చూడాలి.

ఏప్రిల్ 15

చివరి కుళాయి సంగతి నన్ను వదల్లేదు. ఈ రోజు ఒకే కుళాయి నుంచి రెండు సీసాలు పట్టాను. నీళ్లు వదిలిన మొదటి నిమిషంలో ఒకటి, పావుగంట తర్వాత ఒకటి. మొదటి సీసా నీళ్లు కంటికే కాస్త మబ్బుగా ఉన్నాయి, వాసన కూడా తేడాగా ఉంది. రెండోది తేటగా ఉంది.

అర్థమైంది అనుకుంటున్నాను. రోజుకు గంట తప్ప పైపు ఖాళీగా ఉంటుంది. ఖాళీ పైపులో ఒత్తిడి ఉండదు. ఎక్కడైనా చిన్న బీట ఉంటే చుట్టూ నిలిచిన మురుగు లోపలికి ఊరుతుంది. దానికి తోడు ఆ వీధిలో నాలుగిళ్లకు టుల్లు మోటార్లు (నీళ్లు లాగే చిన్న పంపులు) నేరుగా కుళాయి పైపుకే బిగించి ఉన్నాయి. నీళ్లు రాకముందే ఆన్ చేస్తారు. అది నీళ్లతో పాటు బీటల్లోంచి బురద కూడా లాక్కుంటుంది. ఆ వీధి మొదట్లో పైపు మురుగు కాలువ కిందుగా దాటుతుంది. అక్కడే ఎక్కడో ఉండాలి. ఊరి కార్యాలయంలో చెప్పాను. వేసవి ఎద్దడి గడిచాక తవ్విద్దామన్నారు.

ఏప్రిల్ 24

కాలువలు కట్టేశారు. చెరువు తగ్గి నీళ్లు పచ్చబారాయి. నీళ్లకు ఎంత బ్లీచింగ్ కావాలో తేల్చే హారక్స్ పరీక్ష బాబాయితో కలిసి చేశాం. ఈ ప్రాజెక్టులో ఇంతవరకు నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చిన పూట ఇదే.

పెట్టెలో ఆరు తెల్ల కప్పులు, ఒక నల్ల కప్పు ఉంటాయి. నల్ల కప్పులో రెండు గ్రాముల బ్లీచింగ్ వేసి, నీళ్లతో ముద్దలా కలిపి, గీత దాకా నీళ్లు పోసి తేరనివ్వాలి. తెల్ల కప్పుల్లో మనం శుద్ధి చేయాల్సిన నీళ్లు. పైన తేరిన ద్రావణం మొదటి కప్పులో ఒక చుక్క, రెండో దాంట్లో రెండు, అలా ఆరో దాంట్లో ఆరు. కలిపి అరగంట ఆగాలి. తర్వాత ఒక్కో దాంట్లో స్టార్చ్ అయొడైడ్ మూడు చుక్కలు. క్లోరిన్ మిగిలిన కప్పు నీలంగా మారుతుంది. తక్కువ చుక్కలతో నీలం తేలిన కప్పు ఎన్నోదో, దాన్ని రెండుతో హెచ్చవేస్తే 455 లీటర్లకు కావలసిన బ్లీచింగ్ గ్రాముల్లో వస్తుంది.

మోటారు గది మూలన బస్తా మూతి విప్పి ఉంది. కింద నేల చెమ్మ. అందులోంచి తీసిన పొడితో చేస్తే నాలుగో కప్పు దాకా తెల్లగానే ఉంది, అయిదో కప్పు నీలమైంది. అప్పుడు కొత్త బస్తా విప్పి, అదే చెరువు నీళ్లతో మళ్లీ చేశాం. రెండో కప్పే నీలం. బాబాయి రెండు వరసల కప్పులూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు.

కాగితం మీద లెక్క వేశాం. ట్యాంకు అరవై వేల లీటర్లు. కొత్త పొడి అయితే దాదాపు 530 గ్రాములు చాలు. పాత పొడి అయితే కిలో మున్నూరు పైన కావాలి. బాబాయి పదేళ్లుగా ఏ బస్తా అయినా, ఏ కాలమైనా, అర కిలో డబ్బాతో కొలిచి వేస్తున్నాడు. ఎవరో ఎప్పుడో అలాగే చెప్పారు. తాజా బ్లీచింగ్‌లో నూటికి ముప్ఫై మూడు పాళ్ల దాకా క్లోరిన్ ఉంటుంది. గాలి, వెలుగు, వేడి తగిలేకొద్దీ అది ఎగిరిపోతుంది. వాసన ఘాటుగానే ఉంటుంది కాబట్టి బలం ఉందనుకుంటాం.

"అయితే ఇన్నాళ్లూ నేను సున్నం కలిపానా అమ్మా?" అన్నాడు. ఆయన గొంతు విని నాకు మాట రాలేదు. తప్పు ఆయనది కాదు, చేతికి డబ్బా ఇచ్చి కప్పులు ఇవ్వని వాళ్లది అని చెప్పాను. సాయంత్రానికల్లా ఆయనే రెండు మూత డ్రమ్ములు తెప్పించి బస్తాలు వాటిలోకి ఎత్తాడు.

మే 8

వేసవి వచ్చేసరికి ఊరు సగం మినరల్ వాటర్ టిన్నుల మీదికి మళ్లింది. కుళాయి నీళ్లు మందు వాసన అని, ఇవి తియ్యగా ఉంటాయని అంటారు. రెండు ప్లాంట్లలో నీళ్లు పట్టాం, ఇళ్లలోని టిన్నుల్లోవీ పట్టాం. దీనికి హెచ్‌టుఎస్ సీసాలు వాడాను. 1982లో మాంజా, ఆయన సహచరులు మన దేశంలోనే రూపొందించిన పరీక్ష ఇది. మందు పట్టించిన కాగితం ఉన్న చిన్న సీసాలో నీళ్లు పోసి వెచ్చగా ఉంచితే, పేగుల్లోంచి వచ్చిన బ్యాక్టీరియా ఉన్నప్పుడు నీళ్లు సిరాలా నల్లబడతాయి. ఇంక్యుబేటరు లేకపోయినా పరవాలేదు. ఇందులో ఒక మెలిక ఉంది. నీళ్లను నల్లబరిచేది హైడ్రోజన్ సల్ఫైడ్ (హెచ్‌టుఎస్) వాయువు. ఇ.కోలి మామూలుగా దాన్ని పుట్టించదు. సాల్మొనెల్లా, సిట్రోబాక్టర్, క్లాస్ట్రీడియం లాంటి తోటివాళ్లు పుట్టిస్తాయి. కాబట్టి నల్లబడితే అనుమానించాలి, ఆ తర్వాత గొట్టాల పద్ధతిలో తేల్చుకోవాలి.

ప్లాంటు కుళాయి దగ్గర పట్టినవి తెల్లగానే ఉన్నాయి. ఇళ్లలో రెండు రోజులు నిలవున్న టిన్నుల్లో సగానికి పైగా మర్నాటికి నల్లబడ్డాయి. ఒక ఖాళీ టిన్ను లోపల వేలితో రాస్తే జిగట తగిలింది. ఆర్వో యంత్రంలో కార్బన్ ఫిల్టరు క్లోరిన్‌ని ముందే తీసేస్తుంది. బయటికొచ్చే నీళ్లు శుభ్రమే, కానీ వాటికి కాపలా లేదు. టిన్నులో ఒక్క చుక్క మురికి ఉన్నా అది పెరుగుతుంది. జనం వద్దనుకుంటున్న ఆ మందు వాసనే ఆ కాపలా. ఈ మాట ఊళ్లో ఎలా నాటాలో తెలియక సతమతమవుతున్నాను.

మే 19

బస్టాండు దగ్గర టిఫిన్ బండి. ఇడ్లీ ఆవిరి మీద ఉడికి పొగలతో ప్లేట్లోకి వస్తుంది, దాని మీద బెంగ లేదు. పక్కన కొబ్బరి చట్నీ పొద్దున్న రుబ్బి, జనం పెరిగేకొద్దీ డ్రమ్ములోంచి పచ్చినీళ్లు కలుపుతూ పలచన చేస్తున్నారు. పదింటికి పట్టిన చట్నీ నమూనాలో కోలిఫారం విపరీతంగా పెరిగింది. నీటి జబ్బు, తిండి జబ్బు అని పుస్తకంలో వేరు వేరు అధ్యాయాలుగా చదివాం. బండాయనకు కాచి చల్లార్చిన నీళ్లు ఒక క్యానులో పెట్టుకోమని చెప్పాం. గ్యాసు ఖర్చని గొణిగాడు గానీ ఒప్పుకున్నాడు.

జూన్ 20

కాలువకు నీళ్లు వదిలారు. ఎర్రటి ఒండ్రు నీరు. ఇసుక బెడ్లు పూడుకుపోయి, పై పొర గీకి తీశారు. ఆ ఇసుక మీద పట్టే జిగురు పొరే అసలైన వడపోత చేసేది. అది మళ్లీ కట్టే దాకా కొన్ని రోజులు వచ్చిన నీళ్లు పారబోయాలి. ఇంకో బెడ్డు ఉంటే పారబోయచ్చు, ఇక్కడ రెండోది ఏళ్లుగా పని చెయ్యడం లేదు. బాబాయి హారక్స్ కప్పులు తీసి రోజూ పరీక్షించి మోతాదు పెంచాడు. మాకు చేతనైంది అంతే.

జూలై 17

అక్క రాత్రి తొమ్మిదికి ఫోన్ చేసింది. ఆ పేటలోనే ముగ్గురికి పట్టుకుంది.

తెల్లారేసరికి ఆరుగురు. ఒక తల్లి బిడ్డకు ఓఆర్ఎస్ ప్యాకెట్టు మొత్తం ఒక గ్లాసు నీళ్లలో కలుపుతోంది. పరిగెత్తి ఆపాను. లీటరు నీళ్లకు ఒక ప్యాకెట్టు, చిక్కగా పడితే ఉప్పు ఎక్కువై బిడ్డకు ఇంకా కీడు. లీటరు సీసా తెచ్చి ఆవిడ చేతే కలిపించాను. 1971లో పశ్చిమ బెంగాల్లోని బంగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోయాక డాక్టర్ దిలీప్ మహలనబిస్ కలరా రోగులను కాపాడింది ఇలాంటి ఉప్పు, గ్లూకోజు నీళ్లతోనే. చెంచా చెంచాగా పడుతుంటే మధ్యాహ్నానికి బిడ్డ కళ్లు విప్పింది.

రోగుల మలం నమూనాలు తీసి, దారిలో క్రిములు చావకుండా ఉంచే క్యారీ బ్లెయిర్ గొట్టాల్లో పంపాం. కానీ ఆరుగురిలో అయిదుగురు అప్పటికే మందుల షాపులో యాంటీబయాటిక్ అడిగి వేసుకున్నారు. టెట్రాసైక్లిన్ తరగతి యాంటీబయాటిక్‌లలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది అమెరికాలోని లెడర్లే ప్రయోగశాల నుంచి, అక్కడి పరిశోధనకు పెద్ద ఈ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన పుట్టిన నేల మీదే ఆ మందులను పిప్పరమెంటు బిళ్లల్లా మింగుతున్నాం. నమూనా ముందు తీయాలి, మందు తర్వాత. ఈ వరస మారితే ఏ క్రిమి వచ్చిందో ఎప్పటికీ తెలియదు.

జూలై 19

కల్చర్‌లో ఏమీ మొలవలేదు. కలరా క్రిమిని పెంచి చూసే టీసీబీఎస్ ప్లేటు మీద పసుపు రంగు కలరా కాలనీలు లేకపోవడం ఊరట. కానీ కారణం చేతికి చిక్కలేదు.

అక్కా నేనూ పేట పటం గీసి, జబ్బుపడ్డ ఇళ్లకు ఎర్ర బొట్లు పెట్టాం. 1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు వైద్యుడు జాన్ స్నో చేసిన పనే. బొట్లన్నీ మురుగు కాలువ దాటిన తర్వాతి ఇళ్ల మీదే పడ్డాయి. ఇవతలి వైపు ఒక్కటీ లేదు. ఏప్రిల్ 15న నేను అనుమానించిన చోటు అదే.

ఈసారి పటం, రెండు సీసాల ఫలితాలు, ఫొటోలు కాగితం మీద పెట్టి మేడంగారి సంతకంతో ఇచ్చాం. సాయంత్రానికే తవ్వారు. జాయింటులో రబ్బరు రింగు లేదు, వేలు దూరేంత సందు. దాని పైన మోకాలి లోతు మురుగు. ఏప్రిల్‌లో నోటిమాటగా చెప్పి ఊరుకున్నాను. అప్పుడే కాగితం ఇచ్చి ఉంటే ఈ ఆరుగురికి ఈ అవస్థ రాకపోయేదేమో. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

జూలై 24

పైపు మార్చారు, లైనంతా ఎక్కువ క్లోరిన్‌తో కడిగారు. నాలుగు టుల్లు మోటార్లలో మూడు తీసేశారు. కొత్త కేసులు లేవు. చివరి కుళాయి మొదటి నిమిషం సీసాలో కూడా ఇప్పుడు రంగు వస్తోంది, 0.2 మీద కొంచెమే అయినా.

ఆగస్టు 2

గరిటెల లెక్క చూసుకోవడానికి ఇల్లిల్లూ తిరిగాం. ఇరవైలో పదమూడు మేకులకు వేలాడుతున్నాయి. మూడు వంటింట్లో దొరికాయి. నాలుగిళ్ల వాళ్లు ఎక్కడుందో చెప్పలేకపోయారు.

మామ్మగారింట్లో గరిటె మేకుకే ఉంది, కింద చిన్న పిడత పెట్టి ఉంది, నీటి చుక్కలు నేల మీద పడకుండా. మనవడు పరిగెత్తుకొచ్చి బిందె మూత తీయబోతే, "గరిటె ఏదిరా?" అని లోపలి నుంచే కేక వేశారు. వాడు వెనక్కి వెళ్లి గరిటె తీసుకుని గ్లాసులో పోసుకున్నాడు. బిందె నీళ్లు సీసాలోకి పట్టుకున్నాను. "ఏం తేలిందో నాకూ చెప్పాలి సుమా" అన్నారు ఆవిడ. మార్చిలో ఏం తేలిందో ఆవిడకు నేనింకా చెప్పలేదు.

ఆగస్టు 4

48 గంటలు నిండాయి. మామ్మగారి బిందె: 50 మి.లీ. గొట్టం ఒకటి పసుపు, మిగిలిన పదీ ఊదా. 44 డిగ్రీల తొట్టిలో పెట్టాను, రేపు పొద్దున్న చూడాలి. వినాయక చవితికి ఊళ్లో పందిళ్లు వేస్తారు, ప్రసాదాలు, పానకం పంచుతారు. ఈసారి పానకం డ్రమ్ములో కూడా క్లోరిన్ చూస్తానని బాబాయి అంటున్నాడు. కప్పులు ఆయన దగ్గరే ఉంచాను.